కొండను ఎత్తుకుని కొండ దిగిన బళ్ళు: సింగపూర్ వాలుదారుల చరిత్ర

సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ బుకిత్ తీమా. దాని శిఖరం సముద్రమట్టానికి 164 మీటర్ల ఎత్తుకు కాస్త తక్కువలో ఆగిపోతుంది. తిరుమల ఎత్తులో ఇది ఐదో వంతు కూడా కాదు. అనంతగిరి మలుపుల్లోనో మారేడుమిల్లి దారిలోనో బండి నడిపిన లారీ డ్రైవరు దీన్ని కొండ అనడానికి కూడా ఒప్పుకోడేమో! ఇటువంటి ద్వీపంలో బరువు బండికీ ఏటవాలు దారికీ సంబంధించిన చరిత్ర ఏముంటుందన్న సందేహం సహజమే.

ఘాట్ రోడ్డు అనగానే తెలుగువారికి తోచే లెక్క ఒకటుంది. ఈ పక్క సరుకు ఆ పక్కకు చేరాలి. మధ్యలో కొండ అడ్డు. లారీ బరువుతో ఎక్కాలి, అదే బరువుతో దిగాలి. సింగపూర్‌లో చాలాచోట్ల ఈ లెక్క పనిచేయదు. అక్కడ కొండ దారికి అడ్డం వచ్చినది కాదు, కొండే సరుకు. దాని రాయి రోడ్లకూ కట్టడాలకూ కావాలి, దాని మన్ను బురదనేలలు పూడ్చడానికీ సముద్రాన్ని వెనక్కి నెట్టడానికీ కావాలి. కనుక బండి ఖాళీగా ఎక్కింది, నిండుగా దిగింది. రెండు వందల ఏళ్ళపాటు గంపలు, ఎడ్లబళ్ళు, రైలు పెట్టెలు, లారీలు వరసగా ఈ పని చేశాయి. ఇక్కడి బళ్ళకు లాగే శక్తి కన్నా ఆగే శక్తి ముఖ్యం కావడానికి కారణం ఇదే.

ఈ కథకు మొదలు 1822. స్టాంఫర్డ్ రాఫిల్స్ ఊరికి పటం గీయించినప్పుడు వర్తకుల వాడను సింగపూర్ నదికి దక్షిణపు ఒడ్డున పెట్టాలని నిర్ణయించాడు. ఆ ఒడ్డంతా ఆటుపోట్లకు మునిగే చిత్తడి. దాని పక్కనే ఒక చిన్న గుట్ట. గుట్టను తవ్వి ఆ మన్నుతో చిత్తడిని పూడ్చారు. గుట్ట పోయిన జాగా ఈనాటి రాఫిల్స్ ప్లేస్, పూడిన జాగా బోట్ కీ. చైనీయులు, మలయులు, భారతీయులు కలిసి రెండు మూడు వందల మంది కూలీలు ఆ పని చేశారు. ఆ పనిని కళ్ళారా చూసిన మున్షీ అబ్దుల్లా తన ఆత్మకథ ‘హికాయత్ అబ్దుల్లా’లో దాని గురించి రాశాడు. గుట్ట చిన్నది, దూరం కొద్దిపాటిది. గంపకు గంప, మనిషికి మనిషి అందుకుంటూ సాగిన పని అది. అయినా ఆ తరవాత ఒకటిన్నర శతాబ్దం పాటు ఆ ద్వీపం చేసిన పనికి నమూనా అందులోనే ఉంది: ఎత్తు తియ్యి, పల్లంలో పొయ్యి.

మూడేళ్ళకు చక్రాలకు తగిన దారులు వేసే మనుషులు వచ్చారు. 1824 ఒప్పందంలో సుమత్రాలోని బెంకూలెన్‌ను ఆంగ్లేయులు డచ్చివారికి వదులుకున్నారు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న భారతీయ ఖైదీలను సింగపూర్‌కు తరలించారు. 1825 ఏప్రిల్ 18న దిగిన మొదటి జట్టులో 80 మంది మద్రాసు ఖైదీలు. వారానికి బెంగాల్ నుంచి శిక్షపడ్డ మరో 122 మంది వచ్చారు. అక్కడినుంచి ద్వీపాంతర శిక్ష పడినవాళ్ళు నేరుగా సింగపూర్‌కే రావడం మొదలయింది. 1860 ప్రాంతానికి వాళ్ళ సంఖ్య రెండు వేలు దాటింది. మద్రాసు ఖైదీ అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. మద్రాసు రాజధాని అంటే గంజాం నుంచి తిరునెల్వేలి దాకా. ఉత్తర సర్కారులూ దత్తమండలాలూ అందులోనివే. ఆ ఒక్క మాటలో భాష, ఊరు, కులం అన్నీ కలిసిపోయి కనబడకుండా పోయాయి.

వీళ్ళు కట్టిన భవనాల గురించి సింగపూర్ చరిత్రలు ఘనంగానే చెబుతాయి. సెయింట్ ఆండ్రూస్ చర్చి, గవర్నరు భవనం వీళ్ళ చేతి పనులు. చర్చి లోపలి గోడలకు మద్రాసు సున్నం పూశారు. గుల్లసున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరిపీచు నానిన నీళ్ళతో పదునుచేసి పూసిన పూత అది. పర్యాటకులకు చూపించడానికి అది చక్కని కథ. దారుల విషయానికి అంత ప్రచారం లేదు. దారి భవనంలాగా నిలబడి కనబడదు. పైన కొత్త పొర పడిన కొద్దీ కింది మనుషుల జాడ చెరిగిపోతుంది. కానీ ఖైదీల శ్రమలో పెద్ద వాటా దారులదే. అడవులు నరకడం, కొండవాలు చెక్కడం, రాళ్ళు పగలగొట్టి కంకర చేయడం, కాలువలు తీయడం. 1843లో బుకిత్ తీమా శిఖరానికి దారి పడింది. 1845 నాటికి బుకిత్ తీమా రోడ్డు ద్వీపానికి అడ్డంగా ఉత్తరాన క్రాంజీ దాకా వెళ్ళింది. పులులు మనుషుల్ని ఎత్తుకుపోతున్న రోజులవి.

అదే 1845లో తెలోక్ బ్లంగా కొండ పేరు మౌంట్ ఫేబర్‌గా మారింది. కొండమీద జెండాలతో ఓడలకు సంకేతాలిచ్చే స్థావరం కోసం పైదాకా దారి వేయించిన కెప్టెన్ చార్లెస్ ఎడ్వర్డ్ ఫేబర్ పేరు పెట్టారు. ఈయన మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందినవాడు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌ది కూడా అదే దళం. ఆనకట్ట పని 1847లో మొదలయింది. అప్పటి గవర్నరు బటర్‌వర్త్ కూడా మద్రాసు సైన్యం నుంచి వచ్చినవాడే. మద్రాసు రాజధాని దారుల వివరాలతో ఒక పుస్తకం కూర్చిన మనిషి. ఖైదీలను ఆరు తరగతులుగా విడదీసి ఎవరికెంత పని, ఎవరికెంత స్వేచ్ఛ అన్నది నిర్ణయించిన 1845 నాటి నిబంధనలు ఆయన పేరు మీదే ఉన్నాయి. గవర్నరు, ఇంజనీరు, కూలీ ముగ్గురూ బంగాళాఖాతానికి అవతలి ఒడ్డు నుంచే వచ్చారన్నమాట. దారి వేసే పద్ధతి కూడా అక్కడిదే.

ఫేబర్ వేయించిన దారి ఇరుకుగా ఉందనీ మెలికలు తిరిగి ఉందనీ ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది. ఇరుకు సంగతి నిజమే కావచ్చు. మెలికల విషయంలో మాత్రం ఇంజనీరు పక్షాన ఒక మాట చెప్పాలి. కొండ దాదాపు 100 మీటర్లు. ఒక జత ఎడ్లు అలసిపోకుండా ఎడతెగక లాగగలిగేది వాటి బరువులో పదో వంతుకు కాస్త ఎక్కువ, అంటే రెంటికీ కలిపి ఇంచుమించు 80 కిలోల లాగుడు. సరుకుతో కలిపి టన్ను బరువున్న బండిని చదునైన కంకర రోడ్డు మీద నడపడానికి 30 కిలోల లాగుడు చాలు. వాలు 20 అడుగులకు ఒక అడుగు చొప్పున ఉంటే మరో 50 కిలోలు కావాలి. ఎడ్ల సత్తువ అక్కడితో సరి. అదే వాలు 10 అడుగులకు ఒక అడుగైతే 130 కిలోలు కావాలి. ఆ జత బండిని కదల్చలేదు. 100 మీటర్ల కొండను 20కి ఒకటి వాలులో ఎక్కాలంటే దారి పొడవు రెండు కిలోమీటర్లు ఉండి తీరాలి. అంత దారిని చిన్న కొండ చుట్టూ ఇమడ్చాలంటే మెలికలు తప్పవు. ఘాట్ రోడ్డులో ప్రతి మలుపూ ఎద్దు మెడ కొలతతో పుట్టినదే. లారీలు వచ్చాక కూడా ఆ కొలతే మిగిలింది.

ఎక్కడం ఇలా లెక్కకు అందుతుంది. దిగడం వేరే సంగతి. ఎడ్లబండికి కాడి ఉన్నది ముందుకు లాగడానికి, వెనక్కి పట్టి ఆపడానికి కాదు. గుర్రానికి వెనక తొడల మీదుగా పట్టీ కట్టి బండిని ఆపించవచ్చు. ఎద్దుకు ఆ సౌకర్యం లేదు. పల్లంలో బండి బరువంతా నొగల మీదికి, నొగల నుంచి కాడి మీదికి, కాడి నుంచి మెడ మీదికి వస్తుంది. ఎద్దు నడవడం మాని పరుగు తీయడం మొదలుపెడితే బండిని ఇక ఎవరూ ఆపలేరు. అందుకే బండివాడు చక్రం ఆకుల మధ్య దుంగ దూర్చి దాన్ని తిరగనీయకుండా చేస్తాడు; లేదా తాడుతో చక్రాన్ని కట్టి బండిని ఈడ్పిస్తాడు. అప్పుడు ఇనప పట్టా దారిని గీరుకుంటూ పోతుంది. బండి ఆగుతుంది గాని దారి పాడవుతుంది. రాళ్ళ గనుల దారులు ఎందుకు ఎప్పుడూ గాళ్ళు పడి ఉంటాయంటే ఇదొక కారణం. ఆ గాళ్ళు పూడ్చడానికి మళ్ళీ ఖైదీలే.

శిక్ష ముగిసినవాళ్ళూ, సత్ప్రవర్తనకు బయట బతకడానికి అనుమతి పొందినవాళ్ళూ చాలామంది వెనక్కి వెళ్ళలేదు. ఆవులు పెట్టుకుని పాలు అమ్మినవాళ్ళు, బళ్ళు బాడుగకు తిప్పినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఖైదీల వ్యవహారాలు చూసిన మేజర్ మెక్‌నెయిర్ 1899లో అచ్చయిన తన పుస్తకంలో వీళ్ళ ప్రస్తావన తెచ్చాడు. తాము వేసిన దారి మీద తామే బండి తోలుకున్న మనుషులు. ఎడ్లబళ్ళ గుర్తులు ఊరి పేర్లలో ఇప్పటికీ మిగిలాయి. చైనా వాడగా పేరుపడ్డ చోటును మలయులు క్రేతా ఆయర్ అంటారు. నీళ్ళబండి అని అర్థం. చైనీయులు పెట్టుకున్న పేరులోనూ ఎద్దు, బండి, నీళ్ళు ఉన్నాయి. సెరంగూన్ రోడ్డు పక్కన బఫెలో రోడ్డు, మలయు భాషలో అదే అర్థం వచ్చే కెర్బావ్ రోడ్డు ఉన్నాయి. ఇంకో పేరు మాత్రం మారిపోయింది. చులియా వీధిని 1920ల దాకా క్లింగ్ వీధి అనేవారు. క్లింగ్ అంటే కళింగం. తెలుగు, ఒడియా తీరం పేరు మలయు నోట అలా మారి, చివరికి దక్షిణాది వాళ్ళందరికీ, ముఖ్యంగా తమిళులకు, కొంత ఈసడింపుగా అతుక్కుంది. కళింగం నుంచి వచ్చినవాళ్ళు తక్కువైనా, ఎడ్లబండి తోలేవాడు ఎవరైనా ‘క్లింగు’ అయ్యాడు.

నేల సంగతి కూడా చెప్పుకోవాలి. బుకిత్ తీమా రాయి కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. పైన మాత్రం ఆ రాయి ఎండకూ వానకూ కుళ్ళి చాలా లోతు వరకు ఎర్రటి బంకమన్నుగా మారింది. సింగపూర్‌లో ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. కోస్తా ఆంధ్రలో కురిసేదానికి రెట్టింపు. అదీ ఒక కారు అని లేకుండా అన్ని నెలల్లోనూ. మధ్యాహ్నం అరగంటలో కుండపోత, మళ్ళీ ఎండ. తొలినాళ్ళ రోడ్లకు పరిచిన ఎర్ర మొరం ఎండలో దుమ్ము, వానలో జారుడుబండ. తడిసిన బంకమన్నులో చక్రం దిగబడితే చదునులోనే 30 కిలోల లాగుడు 100 కిలోలు దాటుతుంది. అందుకే కొండ రాయిని పగలగొట్టి అదే కొండ దారికి పరచడం తప్పనిసరి అయింది.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి కొండలు మరింత వేగంగా తరగడం మొదలయింది. 1879లో తెలోక్ ఆయర్ అఖాతాన్ని పూడ్చే పని ఆరంభమయింది. అందుకు మన్ను మౌంట్ వాలిచ్ నుంచి వచ్చింది. కలకత్తా వృక్షోద్యానాన్ని నడిపిన నథానియల్ వాలిచ్ పేరు మీద ఉన్న కొండ అది. తరవాత మౌంట్ పామర్ వంతు. తెలోక్ ఆయర్ వీధి అంతకుముందు సముద్రపు అంచు. కోరమండల్ తీరం నుంచి వచ్చిన చులియా ముస్లింలు 1828–30 మధ్య కట్టుకున్న నాగూర్ దర్గా, ఆ తరవాత ఫుజియాన్ వాళ్ళు కట్టిన తియాన్ హాక్ కెంగ్ గుడి రెండూ ఓడ దిగినవాడు మొదట మొక్కే చోట్లు. ఇప్పుడు వాటి ఎదురుగా వీధుల వెనక వీధులున్నాయి. దర్గా కదలలేదు, సముద్రమే కదిలింది. దాన్ని కదిలించినది మౌంట్ వాలిచ్. ఆ కొండ పేరు ఒక వీధికి మిగిలింది, కొండ మిగల్లేదు.

1903లో ఊరి నుంచి బుకిత్ తీమా మీదుగా ఉత్తర తీరానికి రైలు పడింది. 1919లో జొహోర్ జలసంధికి అడ్డంగా కాజ్‌వే కట్టడం మొదలుపెట్టారు. 1,056 మీటర్ల పొడవైన ఆ రాతికట్టకు గ్రానైట్ పులావ్ ఉబిన్ ద్వీపం నుంచీ బుకిత్ తీమా నుంచీ వచ్చింది. 1923లో రైళ్ళు నడిచాయి, 1924 జూన్ 28న లాంఛనంగా ప్రారంభించారు. దూరప్రయాణానికి రైలు సరిపోతుంది గాని, గని గోడ దగ్గర నుంచి కింది దాకా రాయిని దించడం రైలు పని కాదు. గని దారి రోజురోజుకూ మారుతుంది. కొండ తరిగిన కొద్దీ దారి వంకర తిరుగుతుంది. అక్కడికి కావలసినది లారీ.

తొలినాటి లారీల నిర్మాణం తెలిసినవారికి ఆ దిగుడు ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు. వాటి బ్రేకులు వెనక చక్రాలకు మాత్రమే ఉండేవి. తీగలతో, కడ్డీలతో నడిచే బ్రేకులు. గాలి ఒత్తిడితో పనిచేసేవి తరవాత వచ్చాయి. చక్రాలకు గాలి లేని గట్టి రబ్బరు. బండి పల్లంలోకి ఒరిగినప్పుడు బరువు ముందు ఇరుసు మీదికి జరుగుతుంది. వెనక చక్రాలు తేలిక పడతాయి. అంటే పట్టు ఎక్కువ కావలసిన సమయంలో బ్రేకున్న చక్రాలకే పట్టు తగ్గుతుంది. తడి రాతి మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు తిరగడం మాని జారుతాయి, బండి తోక పక్కకు వస్తుంది. నాలుగు చక్రాలకూ బ్రేకులు, గాలి టైర్లు వచ్చాక ప్రమాదం తగ్గింది గాని పోలేదు. ఎందుకంటే అసలు చిక్కు పట్టులో కాదు, వేడిలో ఉంది. సరుకుతో 16 టన్నులున్న టిప్పరు 100 మీటర్లు దిగితే, కేవలం ఆ దిగడం వల్ల విడుదలయ్యే శక్తి 50 లీటర్లకు పైగా నీళ్ళను మరిగే దాకా కాచగలదు. ఆ వేడి అంతా ఎక్కడికో వెళ్ళాలి. డ్రైవరు బ్రేకు మీదనే ఆధారపడితే అది బ్రేకు డ్రమ్ముల్లోకే వెళుతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, బ్రేకు అట్ట పట్టు కోల్పోతుంది. పైనున్నప్పుడు చక్కగా పనిచేసిన బ్రేకు కిందికి వచ్చేసరికి ఉత్త పెడల్ అవుతుంది.

దీనికి డ్రైవర్లందరికీ తెలిసిన విరుగుడు ఇంజనును అడ్డుపెట్టడం. చిన్న గేరులో వదిలితే చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది, ఆ భారం బండిని పట్టి ఉంచుతుంది. వేడిలో కొంత రేడియేటరు ద్వారా, కొంత పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. బ్రేకు మీద కాలు అప్పుడప్పుడూ గట్టిగా వేసి తీయాలి గాని, ఆనించి ఉంచకూడదు. గేరు పల్లం మొదలవక ముందే మార్చుకోవాలి. వేగం అందుకున్నాక చిన్న గేరు పడదు, ప్రయత్నిస్తే ఉన్న గేరు కూడా జారి బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. ఏ గేరులో దిగాలి అన్నదానికి తరతరాలుగా చెప్పే సూత్రం ఒకటి ఉంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఘాట్ రోడ్డు మీద అది దివ్యమైన సలహా. గని దారిలో మాత్రం అదే మోసం చేస్తుంది. గని లారీ ఎక్కినది ఖాళీగా. ఖాళీ బండికి మూడో గేరు హాయిగా సరిపోతుంది. అదే గేరులో పది టన్నుల రాయితో దిగితే ఇంజను ఏమాత్రం పట్టి ఉంచలేదు. ఎక్కినప్పటి గేరు కన్నా ఒకటో రెండో మెట్లు తగ్గించి దిగాలి. ఈ తేడా ఘాట్ రోడ్ల నుంచి వచ్చిన అనుభవజ్ఞుడికి వెంటనే తోచదు, అనుభవమే అడ్డం వస్తుంది. ఎక్కేటప్పుడు కూడా సుఖం లేదు. ఖాళీ టిప్పరు వెనక చక్రాల మీద బరువు ఉండదు. వాన వెలిసిన బంకమన్ను మీద అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి.

1941 అక్టోబరులో ఇదే కొండ పాదాన, ఎగువ బుకిత్ తీమా రోడ్డు మీద, ఫోర్డు కంపెనీ తన కర్మాగారం తెరిచింది. మోటారు బళ్ళు కూర్చే కర్మాగారం అది. మూడు నెలలు తిరక్కుండానే యుద్ధం వచ్చి పడింది. ఫిబ్రవరి 8 రాత్రి జపాను సైన్యం ద్వీపంలో దిగింది. బ్రిటిష్ సైన్యం తిండి, ఇంధనం, మందుగుండు నిల్వల్లో పెద్ద భాగం బుకిత్ తీమా ప్రాంతంలోనే ఉంది. 11వ తేదీకల్లా ఆ ప్రాంతం పోయింది. 15న జనరల్ పెర్సివల్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసినది ఆ ఫోర్డు కర్మాగారంలోనే. ఆ తరవాత జపాను వాళ్ళు దాన్ని నిస్సాన్ చేత నడిపించి తమ సైన్యానికి లారీలు కూర్పించుకున్నారు. దగ్గర్లోని బుకిత్ బతోక్ కొండ మీద తమ మృతవీరులకు ఒక స్మారకం కట్టించుకున్నారు. దానికి దారి వేసినదీ మెట్లు కట్టినదీ యుద్ధఖైదీలు. 1945లో స్మారకాన్ని కూల్చేశారు. మెట్లు, పైకి వెళ్ళే దారి మిగిలాయి. మౌంట్ ఫేబర్ దారికీ దీనికీ మధ్య నూరేళ్ళ దూరం. రెండిటికీ కొండను చెక్కినవాళ్ళు ఖైదీలే. ఖైదు పెట్టినవాళ్ళు మాత్రం మారారు.

సింగపూర్‌లో లారీ యుగం నిజంగా ఉధృతమైనది 1960ల్లో. గృహనిర్మాణ మండలి ఏర్పడి అంతస్తుల మీద అంతస్తులు లేపుతున్నది. జురాంగ్‌లో గుట్టలు చదును చేసి చిత్తడిలో పోసి కర్మాగారాలకు నేల చేస్తున్నారు. కాంక్రీటుకు కంకర, కంకరకు గ్రానైట్. బుకిత్ తీమా, బుకిత్ గోంబాక్, మండాయ్ గనులు పొద్దస్తమానం పేలాయి. టిప్పర్లు బారులు తీరి దిగాయి. అయితే ఆ దశాబ్దంలోనే లారీ పరిమితి కూడా తేలిపోయింది. 1966లో తూర్పు తీరాన మొదలయిన మహా పూడికకు బెడోక్, సిగ్లాప్ కొండలు కావలసివచ్చాయి. అంత మన్నును లారీల మీద దించడం అయ్యే పని కాదని తేల్చుకుని, కొండ నుంచి తీరం దాకా రబ్బరు పట్టీ వాహకాలు పరిచారు. కొండ తనంతట తాను సముద్రానికి నడిచి వెళ్ళింది. డ్రైవరు లేడు, బ్రేకు లేదు. ఇంచుమించు అదే కాలంలో బైలదిల్లా ఇనపరాయిని అరకు మీదుగా విశాఖపట్నం రేవుకు దించే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం తయారయింది. అక్కడా సరుకు కిందికే, ఖాళీ పెట్టెలు పైకి. తూర్పు కనుమల్లో సింగపూర్ లెక్కకు అచ్చంగా సరిపోయే దారి అదొక్కటేనేమో.

1960లో సింగపూర్ వైశాల్యం 581.5 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు 735 చ.కి.మీ. ప్రాంతంలో ఉంది. మొదట్లో ఆ పెరుగుదలకు స్వంత కొండలు చాలాయి. తరవాత ఇసుక సముద్రగర్భం నుంచీ పొరుగు దేశాల నుంచీ రావలసివచ్చింది. 1990లు ముగిసేసరికి గనులు మూతబడ్డాయి. పులావ్ ఉబిన్‌లో చివరి గని 1999లో ఆగింది. 2007లో ఇండొనేసియా ఇసుక ఎగుమతి నిషేధించినప్పుడు, గ్రానైట్ పడవలు కూడా చిక్కుబడ్డప్పుడు, సింగపూర్ నిర్మాణరంగం ఒక్కసారిగా ఉలిక్కిపడింది. మూసిన గనులను మళ్ళీ తెరవాలన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ పాత గనులు అప్పటికే నీళ్ళు నిండి చెరువులయ్యాయి. హిందీడ్ గని ఒక ప్రకృతి వనం. బుకిత్ గోంబాక్ గనిని చైనాలోని గుయ్‌లిన్ కొండలతో పోల్చి చిన్న గుయ్‌లిన్ అంటారు. కొత్త పెళ్ళిజంటలు ఫొటోలు తీసుకోవడానికి వస్తారు. రైఫిల్ రేంజ్ దగ్గరి గని 2022లో పక్షుల కోసం మంచినీటి మడుగుగా తెరుచుకుంది. రాయి తీసిన గుంట లోతెంతో, ఆ లోతంతా ఒకప్పుడు చక్రాల మీద కిందికి దిగినదే.

దీంతో బరువు దిశ తిరగబడింది. రాయి ఇప్పుడు పడవ మీద తీరానికి వస్తుంది. అక్కడ కాంక్రీటుగా కలిసి, తిరిగే డ్రమ్ముల లారీల్లో ఊళ్ళోకి, గుట్టల మీది కట్టడాలకు ఎక్కుతుంది. ఖాళీగా ఎక్కి నిండుగా దిగే బండి పోయి, నిండుగా ఎక్కి ఖాళీగా దిగే బండి వచ్చింది. తడి కాంక్రీటు నిలకడ లేని సరుకు. వాలులో అది వెనక్కి జరిగితే బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది, ముందు చక్రాలు తేలిక పడి స్టీరింగు మాట వినదు. ఎడ్లబండివాడు నొగలు పైకి లేస్తున్నప్పుడు ఎదుర్కొన్న చిక్కే ఇది. అతను బండి ముందుభాగం మీద కూర్చుని తన బరువుతో సరిచేసేవాడు.

ఇంకొక సరుకు కూడా లారీల మీద తిరుగుతోంది. కట్టడాల్లో పనిచేసే బంగ్లాదేశీయులు, తమిళులు, తెలుగువాళ్ళు వసతిగృహాల నుంచి పనిచోట్లకు చాలావరకు లారీ వెనకభాగంలో కూర్చునే వెళతారు. మనుషుల్ని అలా తీసుకువెళ్ళడాన్ని అక్కడి చట్టం మామూలుగా ఒప్పుకోదు. పనివాళ్ళ విషయంలో మినహాయించింది. 2010 తరవాత పైన కప్పు, ఎత్తైన కటకటాలు ఉండాలన్నారు. మనిషికి నాలుగు చదరపు అడుగులున్న జాగాను ఎనిమిది చేశారు. సీటు బెల్టులు తప్పనిసరి కాలేదు. 2021 ఏప్రిల్ 20 ఉదయం పాన్ ఐలండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద 17 మంది పనివాళ్ళున్న ఒక లారీ, ఆగి ఉన్న టిప్పరును ఢీకొంది. ఇద్దరు చనిపోయారు, ఒకరు భారతీయుడు, ఒకరు బంగ్లాదేశీయుడు. మనుషుల్ని బస్సుల్లోనే తీసుకువెళ్ళాలన్న కోరిక ఆ తరవాత పార్లమెంటులో మరింత గట్టిగా వినిపించింది. ఖర్చు పెరుగుతుందనీ, పనులు ఆలస్యమవుతాయనీ కంపెనీల సంఘాలు ప్రభుత్వానికి రాశాయి. పనివాళ్ళ లారీలు ఇప్పటికీ తెల్లవారుజామున బయల్దేరుతున్నాయి.